దూరాన ఉన్న కంప్యూటర్లను కనిపెట్టి ఉండే పద్ధతి ఎలా వచ్చింది?

మన పెన్షన్ బిల్లులు, బ్యాంకు లెక్కలు, లైఫ్ సర్టిఫికెట్లు అన్నీ నేడు కంప్యూటర్ల మీదనే నడుస్తున్నాయని సభ్యులందరికీ విదితమే. ఆ కంప్యూటరు ఒక ఊళ్ళో ఉంటే, దాన్ని బాగు చేసేవారు మరో ఊళ్ళో ఉంటారు. ఒకే మనిషి ఒకచోట కూర్చుని అనేక ఊళ్ళలోని యంత్రాలను ఏకకాలంలో కనిపెట్టి ఉండే ఈ పద్ధతి పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోవడం మనకు ఎంతైనా అవసరం.

1969లో అమెరికా రక్షణశాఖకు చెందిన ఆర్పా సంస్థ ఆర్పానెట్ అనే వ్యవస్థను ప్రారంభించింది. ఆ ఏడాది చివరికి దేశపు పశ్చిమ భాగంలో నాలుగు పరిశోధన కేంద్రాలు ఇందులో చేరాయి. ప్రతి కేంద్రంలోనూ బీరువా అంత యంత్రం ఒకటి పెట్టారు. దాని పేరు ఇంప్. మన తపాలా గుమాస్తాలాగా వచ్చిన సందేశాలను అందుకొని ముందుకు పంపడమే దాని పని. దీన్ని తయారు చేసిన బి.బి.ఎన్. కంపెనీ మాత్రం తూర్పు తీరాన కేంబ్రిడ్జి పట్టణంలో, సుమారు 4,000 కిలోమీటర్ల దూరాన ఉంది. చిన్న మరమ్మతుకల్లా మనిషిని విమానంలో పంపడం అయ్యే పనేనా?

అందుచేత 1970లో కంపెనీ తన ఆవరణలోనే ఒక ఇంప్ పెట్టుకొని, నెట్‌వర్క్ కంట్రోల్ సెంటర్ నెలకొల్పింది. అలెక్స్ మెకెంజీ అనే ఆయన దాని బాధ్యత వహించారు. ప్రతి ఇంప్ క్రమం తప్పకుండా తన స్థితిగతులను ఈ కేంద్రానికి నివేదించేది. మన కార్యాలయాల్లో పీరియాడికల్స్ పంపినట్లన్నమాట. చెప్పవలసిన విశేషం లేకపోయినా నిల్ రిపోర్టు పంపవలసిందే గదా! ఇక్కడా అంతే. రిపోర్టు రాలేదంటే ఏదో జరిగిందని అర్థం.

అయితే చెడింది యంత్రమా, మధ్యనున్న టెలిఫోన్ లైనా? దీనికి వారు లైనుకు రెండు చివరల నుంచి వచ్చిన రిపోర్టులను పోల్చి చూసేవారు. ట్రెజరీ లెక్కలతో శాఖ లెక్కలు సరిచూసిన మనవంటి వారికి ఈ కిటుకు కొత్త కాదు. కాలిఫోర్నియాలోని లైను పాడైందని టెలిఫోన్ కంపెనీ వారికి మసాచుసెట్స్ నుంచి కబురు వచ్చేది. మొదట్లో వారు నమ్మలేకపోయేవారట!

ఎంత నిఘా ఉన్నా మనిషి అవసరం తీరలేదు. 1980 అక్టోబరు 27న ఒక ఇంప్ లోపం వల్ల తప్పుడు స్థితి సందేశాలు వ్యాపించి, నెట్‌వర్క్ మొత్తం కొన్ని గంటలపాటు స్తంభించిపోయింది. సిబ్బంది పూనుకొని సరిచేయవలసి వచ్చింది.

1988లో ఎస్.ఎన్.ఎం.పి. అనే నియమావళి వచ్చింది. దాంతో వేర్వేరు కంపెనీల యంత్రాలు సైతం ఒకే పద్ధతిలో జవాబు చెప్పే వీలు కలిగింది. మన దేశంలోనూ ఆ దశాబ్దంలోనే ఎన్.ఐ.సి. వారు జిల్లా కేంద్రాల కంప్యూటర్లను ఉపగ్రహం ద్వారా ఢిల్లీతో కలిపారు.

ఇక్కడ ఒక ముఖ్య విషయం గమనించాలి. ఆనాటి రిపోర్టుల్లో ఎన్ని సందేశాలు వెళ్ళాయన్న లెక్కే తప్ప, సందేశంలో ఏముందన్నది ఉండేది కాదు. కవర్లు లెక్కపెట్టడమే గాని ఉత్తరం విప్పడం లేదు. 1998లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి పరిశోధనశాల వి.ఎన్.సి. అనే సాఫ్ట్‌వేరును ఉచితంగా విడుదల చేసింది. దాంతో దూరపు కంప్యూటర్ తెరను యథాతథంగా చూడడం, అక్కడి మౌసును ఇక్కడి నుంచి కదపడం ఎవరికైనా సులువైపోయింది. నేడు ఒక సాంకేతిక ఉద్యోగి పది తెరలను తన బల్ల మీదనే వరుసగా చూడగలడు. ఎంత సౌకర్యమో, అంత ప్రమాదం.

ఆ ప్రమాదం మన ఇళ్ళ గుమ్మాల దాకా వచ్చింది. బ్యాంకు నుంచి మాట్లాడుతున్నామని, ఫోనులో ఫలానా యాప్ వేసుకొని అందులోని నంబరు చెప్పమని అడుగుతారు. చెప్పామా, మన తెర వారి కళ్ళముందు ఉన్నట్లే. 2019లో రిజర్వు బ్యాంకు సైతం ఇటువంటి మోసం గురించి బ్యాంకులను హెచ్చరించింది. కనుక మనంతట మనం సహాయం కోరి పిలిచిన మనిషికి తప్ప, తనంతట తాను ఫోను చేసిన వాడికి తెర అప్పగించవద్దు. పొరపాటున డబ్బు పోతే ఆలస్యం చేయక 1930 నంబరుకు ఫిర్యాదు చేయాలి.

జీవితకాలమంతా బీరువా తాళాలు భద్రంగా కాపాడినవాళ్ళం. ఈ తాళం చెవిని కూడా అంత భద్రంగానూ దాచుకుందామని సభ్యులకు, వారి కుటుంబాలకు మనవి.