పచ్చిక చిత్రంలో పుల్లరి: చేవెళ్ల, మొయినాబాద్ భూదృశ్య పఠనం

హైదరాబాద్ నుండి బీజాపూర్ వెళ్లే రహదారి మొయినాబాద్ మీదుగా చేవెళ్ల వైపు సాగేటప్పుడు ఇరువైపులా మర్రిచెట్లు కమ్ముకొని కనిపిస్తాయి. నిజాం కాలంలో నాటినవిగా చెప్పే ఈ వృక్షాలు మన్నెగూడ వరకు దాదాపు 900 ఉన్నాయి. ఊడల కింద గొర్రెలమంద, వెనుక చెలక, దూరాన నీటి మెరుపు: ఈ దృశ్యాన్ని ఎవరు చిత్రించినా చూపరులు దానిని ‘ప్రకృతి చిత్రం’ అనే అంటారు. చిక్కంతా ఆ పేరులోనే ఉంది.

ఆంగ్ల చిత్రకారుడు గెయిన్స్‌బరో సుమారు 1750లో చిత్రించిన ఆండ్రూస్ దంపతుల పటంలో కోసిన గోధుమ మోపులున్నాయి, దూరాన గొర్రెలున్నాయి. కోసినవారు మాత్రం లేరు. ఆ దంపతులు కేవలం ప్రకృతి ప్రియులు కారని, వారి ముఖాల్లో కనిపించేది భూస్వామ్యపు ధీమా అని జాన్ బెర్జర్ 1972లో వ్యాఖ్యానించాడు.

తెలుగు పశుపాలక సంప్రదాయంలో ఇటువంటి మౌనం లేదు. కాటమరాజు కథలో పచ్చిక అందానికి నెలవు కాదు, తగవుకు మూలం. నెల్లూరు సీమలో మేపిన మందలకు నల్లసిద్ధి పుల్లరి కోరడం, కాటమరాజు నిరాకరించడం యుద్ధానికి దారితీశాయి. గొల్లలకు ఈ కథ చెప్పే మందెచ్చులకు బొమ్మలు చేసి ఇచ్చేది చేర్యాల నకాషీలే. వారి కథాపటాల్లో దిగంతరేఖ ఉండదు. ఎర్రని నేపథ్యం మీద మనుషులు, పశువులు, సంఘటనలే నిండి ఉంటాయి. దృక్కోణం తెలియని లోపంగా దీనిని భావించడం తొందరపాటు. నేలను దూరం నుండి చూసి ఆనందించవలసిన అవసరం ఆ కథ వినేవారికి లేదు.

ఈ చూపుతో మొయినాబాద్ దృశ్యాన్ని తిరిగి పరిశీలిస్తే దూరాన మెరిసే నీరు కూడా సహజమైనది కాదని తెలుస్తుంది. 1908 మూసీ వరదల అనంతరం విశ్వేశ్వరయ్య సూచనలతో మొదలైన ప్రణాళికలో భాగంగా మూసీపై ఉస్మాన్‌సాగర్ 1920లోను, ఈసీపై హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తయ్యాయి. వాటి రక్షణకు 1996లో వెలువడిన 111వ జీవో పది కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాల్లో పరిశ్రమలు, భారీ నివాస సముదాయాలను నిషేధించింది. నేటి చూపరి మెచ్చుకునే పచ్చదనంలో కొంత వాన చలవ, కొంత ఆ ఉత్తర్వు చలవ. అది రైతు భూమి విలువను కట్టడి చేసిందన్న ఆక్షేపణ కూడా ఆ పచ్చదనంలోనే దాగి ఉంది. 2022లో 69వ జీవో ఆ ఆంక్షలను తొలగించింది. ఫామ్‌హౌస్ ప్రహరీల మధ్య మంద నడిచే దారి ఎటు పోతుందన్నది ఆ పటంలో ఇంకా గీయని భాగం.