లైంగిక విద్య – బాల్య వివాహాలు (తెలుగు రాష్ట్రాలు)

తెలుగునాట పద్దెనిమిదేళ్లలోపు గర్భాలు చాలావరకు పెళ్లయ్యాక వచ్చేవే. కాబట్టి ఇక్కడ లైంగిక విద్య గురించి మాట్లాడితే బాల్య వివాహం గురించి మాట్లాడినట్టే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20–24 ఏళ్ల స్త్రీలలో 18 నిండకముందే పెళ్లయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. 15–19 ఏళ్లకే తల్లులైనవారు, గర్భిణులు కలిపి, అంతకుముందు సర్వేతో పోలిస్తే తెలంగాణలో 10.6 నుంచి 5.8 శాతానికి తగ్గారు. ఆంధ్రలో మాత్రం 11.8 నుంచి 12.6కు పెరిగారు.

ఆడపిల్ల పెద్దమనిషైతే చాప వేసి కూర్చోబెడతారు, చిమ్మిలి పెడతారు, పేరంటాళ్లు అక్షింతలు వేస్తారు. ఈమధ్య వీధి మొగలో ఫ్లెక్సీ కూడా కడుతున్నారు. ఊరంతటికీ చాటిన ఆ సంగతి ఏమిటో పిల్లకు మాత్రం ఎవరూ విడమరిచి చెప్పరు. ‘అది ముట్టుకోకు, ఇటు రాకు’ అన్నదే ఆమెకు అందే పాఠం. ఆపైన ‘ఎవరితోనైనా వెళ్లిపోతే పరువేం కాను?’ అన్న బెంగ. పేదరికం, కట్నం ఎటూ ఉన్నవే, ఈ బెంగ వాటికి తోడై సంబంధాలు వెతికిస్తుంది. చెబితే చెడిపోతారన్న నమ్మకానికి ఆధారం లేదు. లైంగిక విద్య పిల్లలను లైంగిక చర్యలకు తొందరపెట్టదని 2018 నాటి యునెస్కో మార్గదర్శకాలు అధ్యయనాలను సమీక్షించి చెప్పాయి. అయినా బడుల్లో కౌమార విద్యను 2007లో పలు రాష్ట్రాలు అడ్డుకున్నాయి. పునరుత్పత్తి పాఠం వస్తే ‘ఇంటిదగ్గర చదువుకోండి’ అని దాటేసే తరగతి గదులు ఇప్పటికీ ఉన్నాయి.

ఈ మౌనాన్ని గట్టిగా ప్రశ్నించిన ప్రయత్నాల్లో ఒకటి హైదరాబాదులో, తార్నాక చుట్టుపక్కల వేళ్లూనింది. 1985లో ఏర్పడిన అన్వేషి స్త్రీ అధ్యయన కేంద్రం ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణలో చాలాకాలం పనిచేసింది. దాని వ్యవస్థాపక సభ్యుల్లో ఒకరైన డాక్టర్ వీణా శత్రుఘ్న, తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో శాస్త్రవేత్తగా పనిచేశారు. ఆమె, తోటి స్త్రీవాదులు కలిసి తెచ్చిన ‘సవాలక్ష సందేహాలు’ ముట్టు, గర్భం, గర్భనిరోధం వంటి విషయాలను సిగ్గుపడకుండా, భయపెట్టకుండా తెలుగులో వివరించింది. అలాంటి పుస్తకం హైస్కూలు పిల్లల చేతికే అందాల్సింది.

చట్టం ఒక్కటే ఈ లోటు పూడ్చలేదు. 18 దాటని భార్యతో సంభోగం అత్యాచారమేనని 2017లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. 18 నిండని గర్భిణి వస్తే, పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం కింద ఆసుపత్రి పోలీసులకు సమాచారం ఇవ్వాలి. తీర్పు అవసరమైనదే, కానీ కేసు భయంతో వయసు పెంచి చెప్పే కుటుంబాలున్నాయి. అప్పుడు పదిహేడేళ్ల ఒంటికి కావలసిన ప్రత్యేక శ్రద్ధ డాక్టరు దగ్గరా అందదు.