నెల తప్పకముందే వేసుకోవాల్సిన మాత్ర

కడుపు పండిందన్న కబురు మన ఇళ్లలో నెల తప్పడంతోనే మొదలవుతుంది. ఆ తర్వాతే ఆశా కార్యకర్త పేరు రాసుకోవడం, ఏఎన్‌ఎం దగ్గర కార్డు తీసుకోవడం, మాత్రలు చేతికి రావడం. వాటిని 'రక్తం మాత్రలు' అంటారు జనం. ఐరన్‌తో పాటు వాటిలో ఉండే రెండో మందు ఫోలిక్ ఆమ్లం. తల్లికి రక్తం పట్టించడం దాని పనుల్లో ఒకటి మాత్రమే. బిడ్డ మెదడు, వెన్నుపాము సరిగా అమరేలా చూడటం దాని రెండో పని. ఈ రెండో పనికి గడువు చాలా తక్కువ. మాత్ర ఇంటికి చేరే వేళకు ఆ గడువు తీరిపోయి ఉంటుంది. దాదాపు వందేళ్ల ఈ మందు చరిత్రను మొదటి నుంచీ చదివితే, ఇది పిల్లల్ని కనే వయసులో ఉన్న ప్రతి స్త్రీ కంచంలోనూ ముందే ఉండాల్సిన పోషకమని అర్థమవుతుంది. మనం మాత్రం దాన్ని గర్భిణి కార్డుకే కట్టేసి ఉంచాం.

1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లండ్ వైద్యురాలు బొంబాయి వచ్చారు. అక్కడి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణులను ఒక రకం రక్తహీనత పీడిస్తుండేది. ఎర్ర రక్తకణాల సంఖ్య పడిపోయేది, ఉన్న కణాలు మామూలు కంటే పెద్దవిగా ఉబ్బి కనిపించేవి. చాలామంది ప్రాణాలు పోయేవి. పరేల్‌లోని హాఫ్‌కిన్ ఇన్‌స్టిట్యూట్‌లో విల్స్ ముందు రోగక్రిముల కోసం వెతికారు. అవి దొరకలేదు. అప్పుడు ఆ ఆడవాళ్లు ఏం తింటున్నారో ఆరా తీశారు. ఈ జబ్బు ఎక్కువగా కూరలు, పండ్లు అరుదుగా దొరికే నిరుపేద ఇళ్లలోనే ఉందని తేలింది. అదే తిండి ఎలుకలకు పెడితే వాటికీ రక్తం తగ్గింది. అయితే పేల ద్వారా పాకిన ఒక సూక్ష్మజీవి ఆ ఎలుకల ప్రయోగాన్ని గందరగోళం చేసిందని తర్వాత బయటపడింది. విల్స్ వదిలిపెట్టకుండా కోతుల మీద మళ్లీ మొదలుపెట్టారు. చివరికి పని చేసింది మార్మైట్. బీరు తయారీలో మిగిలిపోయే ఈస్ట్ నుంచి తీసే నల్లటి, చిక్కటి, ఉప్పటి ముద్ద అది. ఇంగ్లండ్‌లో రొట్టె మీద పూసుకు తింటారు. రక్తహీనతకు అప్పట్లో వాడే కాలేయం సారం ఖరీదెక్కువ, ఈ ముద్ద చవక. అది తిన్న గర్భిణులు కొద్ది రోజుల్లోనే తేరుకోవడం మొదలైంది. 1931లో విల్స్ ఈ సంగతి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించారు. శుద్ధి చేసిన కాలేయం సారానికి లొంగని ఈ జబ్బు ముడి సారానికి, ఈస్ట్‌కు లొంగుతోందని ఆ తర్వాత చూపించారు. అంటే ముడి సారంలో, ఈస్ట్‌లో ఉన్నది మరేదో కొత్త పదార్థం. ఆ పదార్థానికి పేరు దొరికే దాకా శాస్త్రవేత్తలు దాన్ని 'విల్స్ ఫ్యాక్టర్' అన్నారు.

ఆ పేరు 1941లో దొరికింది. అమెరికాలోని టెక్సాస్‌లో నాలుగు టన్నుల పాలకూర నుంచి ఈ పదార్థాన్ని వేరు చేసి, ఆకు అనే అర్థం వచ్చే లాటిన్ మాట నుంచి ఫోలిక్ ఆమ్లం అని పెట్టారు. టన్నుల కొద్దీ కూర మరిగిస్తే పిసరంత వచ్చే పదార్థం పేదల చేతికి ఎలా అందుతుంది? ఫ్యాక్టరీలో తయారు చేయగలిగితేనే అందుతుంది. 1945లో ఆ పని చేసింది న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లే ప్రయోగశాల. అప్పుడు అక్కడ పరిశోధనలకు అధిపతి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయనొక్కరే కనిపెట్టారని మనవాళ్లు తరచూ రాస్తుంటారు కానీ అది పెద్ద బృందం పని. దాన్ని పోగు చేసి, నడిపించి, గమ్యం చేర్చిన ఘనత ఆయనది, అది చిన్నదేమీ కాదు. ఆయన సోదరులు స్ప్రూ జబ్బుతో చనిపోయారు. మనవాళ్లు సంగ్రహణి అనే ఆ జబ్బులో పేగులు పోషకాలను పీల్చుకోలేవు, రక్తం క్షీణిస్తుంది. దానికి వాడే మందుల్లో ఫోలిక్ ఆమ్లం ఒకటైంది. ఫోలిక్ ఆమ్లం పనిని అడ్డుకునే అమినోప్టెరిన్ అనే మందు కూడా అదే ప్రయోగశాల నుంచి వచ్చింది. దాన్ని పిల్లల రక్త క్యాన్సర్ మీద ప్రయోగించిన ఫలితాన్ని అమెరికా వైద్యుడు సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించారు. దాని చుట్టమే మెథోట్రెక్సేట్. గర్భసంచి బయట, ట్యూబులో నిలిచిన గర్భానికి నేటికీ వాడుతున్న మందు అది. 1950ల మొదట్లో అమినోప్టెరిన్ వాడిన గర్భిణుల పిండాల్లో తల, మెదడు లోపాలు కనబడ్డాయి. ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకుంటే పిండానికి ఏమవుతుందో అప్పుడే తెలిసింది.

ఆ లోపాలు ఎలా వస్తాయో కాస్త దగ్గరగా చూద్దాం. పిండం మొదట్లో పలుచటి పొర. ఆ పొర మధ్యలో గాడి పడి, తమలపాకు చుట్టినట్టు రెండు అంచులూ పైకి లేచి ఒకదానికొకటి అతుక్కుని గొట్టమవుతాయి. పై కొన మెదడుగా, మిగతాది వెన్నుపాముగా ఎదుగుతుంది. కింద మూసుకోకపోతే వెన్ను తెరుచుకుని ఉండే స్పైనా బైఫిడా. పైన మూసుకోకపోతే మెదడు, పుర్రె ఏర్పడని శిశువు, బతకదు. ఇదంతా పిండం పడిన 28 రోజుల్లో ముగుస్తుంది. అప్పటికి పిండం బియ్యపు గింజంత కూడా ఉండదు. లెక్క వేస్తే నెల తప్పి రెండు వారాలు. ఆ గొట్టం మూసుకోవడానికి కణాలు వేగంగా విభజన చెందాలి, అందుకు ఫోలిక్ ఆమ్లం కావాలి. బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ ఏడు దేశాల్లో జరిపి 1991లో ప్రకటించిన పరీక్ష ఈ వాదాన్ని తేల్చేసింది. అంతకుముందు ఇలాంటి బిడ్డను కన్న స్త్రీలకు గర్భానికి ముందు నుంచే మాత్రలిచ్చారు, కొందరికి ఫోలిక్ ఆమ్లం ఉన్నవి, కొందరికి లేనివి. పూర్తి వివరాలు దొరికిన 1,195 గర్భాల్లో 27 మంది పిల్లలకు లోపం వచ్చింది. వారిలో ఫోలిక్ ఆమ్లం అందిన తల్లుల పిల్లలు 6 మంది, అందని తల్లుల పిల్లలు 21 మంది. ఇంత తేడా కనిపించాక మిగతా వాళ్లకు మందు ఆపి ఉంచడం తగదని పరీక్షను మధ్యలోనే ముగించారు.

మన తోటకూర, గోంగూర, పెసలు, శనగలు ఉండగా మాత్రలెందుకని అడిగేవాళ్లున్నారు. ఆ ప్రశ్నకు విలువ ఉంది, వాటిలో ఫోలేట్ నిజంగానే దండిగా ఉంటుంది. కానీ అది నీటిలో కరుగుతుంది, ఎక్కువసేపటి ఉడుకుకు నశిస్తుంది, మిగిలినదాన్ని శరీరం మాత్రలోని మందంత బాగా తీసుకోదు. పైగా బొంబాయి మిల్లు కూలీల మాదిరే, లోపం ఎక్కువున్న ఇంటికే ఆకుకూర తక్కువ చేరుతుంది. మరో అభ్యంతరం వైద్యుల నుంచి వస్తుంది. విటమిన్ బీ12 తక్కువగా ఉన్నవాళ్లకు ఫోలిక్ ఆమ్లం ఇస్తే రక్తం బాగుపడి, నరాలు దెబ్బతినడం మాత్రం లోలోపల సాగుతుందని. శాకాహారులు ఎక్కువున్న మన దేశంలో ఈ భయం కొట్టిపారేయదగ్గది కాదు. అది పెద్ద మోతాదులకు సంబంధించిన ముప్పు, బీ12 కూడా కలిపి ఇస్తే తగ్గుతుంది. పోషకాలు కలిపిన ఫోర్టిఫైడ్ బియ్యానికి పెట్టిన ప్రమాణాల్లో ఈ రెండూ, ఐరన్ కూడా ఉన్నాయి.

అయితే ఎంత అన్నదే ప్రశ్న. ఆ ప్రమాణాల ప్రకారం కిలో బియ్యంలో ఫోలిక్ ఆమ్లం 75 నుంచి 125 మైక్రోగ్రాములు. రోజుకు 400 గ్రాముల బియ్యం తిన్నా వచ్చేది గట్టిగా 50. గర్భానికి ముందు రోజుకు కావాల్సింది 400. బడుల్లో, అంగన్‌వాడీల్లో కౌమార వయసు పిల్లలకు వారానికొకటి ఇచ్చే నీలం మాత్రలో 500 మైక్రోగ్రాములుంటాయి. వారానికొకసారి ఇచ్చేటప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన మోతాదు 2,800. మాత్ర ఉంది, పంచే మనిషి ఉన్నారు, పంచే రోజు ఉంది. బిడ్డ వెన్నును కాపాడేటంత మోతాదే లేదు. ఇది ప్రభుత్వాలు సరిచేయగల లోటు, సరిచేయాలి. 1998 నుంచి అమెరికా పోషకాలు చేర్చి అమ్మే గోధుమపిండిలో ఫోలిక్ ఆమ్లాన్ని తప్పనిసరిగా కలుపుతోంది, అక్కడ ఈ లోపాలు తగ్గాయి.

ఈలోగా ఇళ్లలో చేయగలిగిందొకటుంది. కొత్తగా పెళ్లయిన అమ్మాయి చేతిలో ఈ మాత్ర చూసి 'అప్పుడే ఏమిటి?' అనే పెద్దవాళ్లు ఆ మాట మానాలి. పెళ్లి తేదీ ఖాయమైన రోజునో, రెండో బిడ్డ మాట అనుకున్న రోజునో డాక్టర్ని అడిగి, కనీసం ఒక నెల ముందు నుంచి రోజూ 400 మైక్రోగ్రాముల మాత్ర మొదలుపెట్టాలి. మూడో నెల దాటే దాకా ఆపకూడదు. ముందు కాన్పులో బిడ్డకు ఇలాంటి లోపం వచ్చి ఉంటే, మూర్ఛ మందులు వాడుతుంటే మోతాదు వేరు, అది డాక్టరే చెప్పాలి.