పుష్పకం సరే, మన డకోటా ఏది?

రావణుడి దగ్గర ఎన్ని విమానాలుండేవో అడగండి, చెప్పడానికి మనలో చాలామంది సిద్ధంగా ఉంటారు. 2019 జనవరిలో జలంధర్‌లో భారత సైన్స్ కాంగ్రెస్ జరిగింది. అక్కడ సాక్షాత్తూ ఆంధ్రా విశ్వవిద్యాలయం వైస్ చాన్సలరే, రావణుడికి పుష్పకం ఒక్కటే కాదు, 24 రకాల విమానాలుండేవని, లంకలో విమానాశ్రయాలు కూడా ఉండేవని చెప్పారు. అదే మనవాళ్ళని బేగంపేటలో డెక్కన్ ఎయిర్‌వేస్ అనే కంపెనీ ఉండేదని, దానికి నిజంగా ఎగిరిన విమానాలుండేవని విన్నారా అని అడగండి. చాలామంది మొహమొహాలు చూసుకుంటారు. లేని విమానాల మీద ఇంత గర్వం, ఉన్న విమానాల మీద ఇంత మరుపు ఎందుకు? నాకీ ప్రశ్న పుస్తకాలు చదివి పుట్టలేదు. ప్లాస్టిక్ బొమ్మ విమానాలు అతికిస్తుంటే పుట్టింది.

నేనుండేది బిలాస్‌పూర్‌లో, మోప్కాలో. రైల్వే ఉద్యోగాల కోసం శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన తెలుగు కుటుంబాల్లో మాదీ ఒకటి. వాల్తేరు, బిలాస్‌పూర్ రెండూ ఒకప్పుడు బెంగాల్ నాగపూర్ రైల్వే కిందే ఉండేవి కాబట్టి అటువాళ్ళు ఇటు రావడం మామూలే. రిటైరయ్యాక నాకు పట్టుకున్న పిచ్చి పాత పౌర విమానాల స్కేల్ మోడళ్ళు చెయ్యడం. రైళ్ళ ఊళ్ళో విమానాల పిచ్చేమిటని మిత్రులు నవ్వుతారు.

తెలియని వాళ్ళ కోసం రెండు ముక్కలు. కిట్ డబ్బాలో విమానం ముక్కలు ముక్కలుగా, ప్లాస్టిక్ ఫ్రేములకి అంటుకుని ఉంటుంది. ఒక్కో ముక్క కత్తిరించి, ఎమరీ కాగితంతో అంచులు రుద్ది, జిగురు పెట్టి అతకాలి. ఆ జిగురు మామూలు బంక కాదు, ప్లాస్టిక్‌నే కరిగించి రెండు ముక్కల్ని ఒకటి చేస్తుంది. అతుకుల్లో సందులుంటే లప్పం పెట్టి, ఆరాక మళ్ళీ రుద్దాలి. తర్వాత రంగు. ఆఖర్న నీళ్ళలో నానబెట్టి అంటించే డెకాల్స్, అంటే కంపెనీ పేరు, గుర్తులు, నంబర్లు. ఎక్కువగా దొరికే కొలత 1/72. దీని లెక్క తేలిక: అసలు విమానంలో ఆరడుగులు బొమ్మలో ఒక అంగుళం. డకోటా రెక్కలు ఈ చివర నుంచి ఆ చివరికి 95 అడుగులు, బొమ్మలో 16 అంగుళాలకి కాస్త తక్కువ. పెద్ద ప్రయాణికుల విమానాలకి అందులో సగం కొలత, 1/144 వాడతారు. లేకపోతే బల్ల మీద పట్టవు.

కిట్ల జాబితాలు తిరగేస్తే మొదట కనిపించేది యుద్ధమే. బ్రిటన్‌లో ఎయిర్‌ఫిక్స్ కంపెనీ 1953లో చేసిన మొదటి విమానం కిట్ స్పిట్‌ఫైర్, యుద్ధ విమానం. ఈనాటికీ బాంబర్లు, ఫైటర్లు వరసలు వరసలుగా ఉంటాయి, జనాన్నీ ఉత్తరాలనీ మోసిన విమానాలు ఓ మూలన ఉంటాయి. ఫ్రాన్స్ కంపెనీ హెల్లర్ కాన్‌స్టలేషన్ కిట్ చేసింది. 1948 జూన్ 8న బొంబాయి నుంచి లండన్‌కి ఎయిరిండియా మొదటి సర్వీసు నడిపిన 'మలబార్ ప్రిన్సెస్' ఆ రకం విమానమే. 1950 నవంబర్ 3న అది ఆల్ప్స్‌లో మాంట్ బ్లాంక్ పర్వతానికి గుద్దుకుని 48 మంది చనిపోయారు. ఇలాంటి చరిత్ర మోసే పౌర విమానాల కిట్లు వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు.

డకోటా సంగతి ఇంకా విచిత్రం. దీని అసలు పేరు డగ్లస్ డి.సి.-3. 1935 డిసెంబర్ 17న మొదటిసారి ఎగిరింది. పుట్టింది ప్రయాణికుల కోసమే, సీట్లు మామూలుగా 21. ప్రయాణికుల కోసం చేసినవి 607 మాత్రమే. తర్వాత యుద్ధం వచ్చింది, అమెరికా సైన్యం కోసం పదివేలకి పైగా తయారయ్యాయి. సైనిక రకానికి బ్రిటిష్ వాళ్ళు పెట్టిన పేరే డకోటా. యుద్ధం అయిపోయాక మిగిలిపోయినవి చవగ్గా అమ్మేశారు. మన దేశంలో వాటిని బెంగుళూరులోని హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీ బాగుచేసి, లోపల సీట్లు బిగించి, పౌర విమానాలుగా మార్చింది. స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన ఆకాశంలో విమానమంటే ఎక్కువగా డకోటాయే.

డెక్కన్ ఎయిర్‌వేస్ ఈ కాలానిదే. నిజాం ప్రభుత్వమూ టాటాలూ కలిసి 1945లో పెట్టిన కంపెనీ ఇది, స్థావరం బేగంపేట, విమానాలు డకోటాలు. 1947లో కమర్షియల్ పైలట్ లైసెన్సు సంపాదించిన ప్రేమ్ మాథుర్ చేరింది ఈ కంపెనీలోనే. మన దేశంలో కమర్షియల్ విమానం నడిపిన మొదటి మహిళ ఆవిడే. హైదరాబాదు కంపెనీ ఒకటి ఆడమనిషిని కాక్‌పిట్‌లో కూర్చోబెట్టిన సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఎంతమంది పిల్లలు చదివారు? 1953లో కేంద్ర ప్రభుత్వం విమాన కంపెనీలని జాతీయం చేసినప్పుడు డెక్కన్ ఎయిర్‌వేస్ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. అన్ని కంపెనీల నుంచీ కలిపి కొత్త సంస్థకి వచ్చిన డకోటాలు 74. బేగంపేటలో మామూలు ప్రయాణికుల విమానాలు కూడా 2008 మార్చిలో ఆగిపోయాయి, అంతా శంషాబాదుకి మారింది.

ఇప్పుడు బొమ్మ దగ్గరికి రండి. డకోటా కిట్ కొంటే డబ్బాలో వచ్చేది చాలాసార్లు సైనిక విమానమే. దాన్ని పౌర విమానంగా మార్చాలంటే మొదటి ప్రశ్న తలుపు. సైనిక డకోటాకి ఎడమ పక్క వెనకాల జీపులు ఎక్కించేంత పెద్ద సరుకుల తలుపు ఉంటుంది. ప్రయాణికుల కోసమే పుట్టిన డి.సి.-3కి ఉండేది చిన్న తలుపు. కాబట్టి పాత ఫొటోలో ఏ కంపెనీ పేరు రాసి ఉన్నా సరే, ఆ పెద్ద తలుపు గీత కనిపిస్తే అది యుద్ధం నుంచి వచ్చిన విమానమని చెప్పచ్చు. పేరు మార్చచ్చు, రంగు మార్చచ్చు, ఒంటి మీది అతుకు మాత్రం సాక్ష్యం చెబుతుంది. రంగు ఇంకో చిక్కు. నలుపు తెలుపు ఫొటోల్లో కొన్ని రకాల పాత ఫిల్ము మీద ఎరుపు నల్లగా, నీలం తెల్లగా పడుతుంది. కంటికి కనిపించింది కనిపించినట్టు నమ్మితే రంగు తప్పుతుంది. రెండో ఆధారం వెతకాలి: ఒక టిక్కెట్టు, ఒక పోస్టరు, ఒక లగేజీ చీటీ.

మా వీధి పిల్లలు ఒకసారి, తాతగారూ, పుష్పక విమానం కూడా చెయ్యరా అని అడిగారు. చేస్తాను, కొలతలు తెండి అన్నాను. రెక్క ఎంత పొడవు? బరువెంత? తలుపు ఏ పక్క? చక్రాలున్నాయా? వాళ్ళు నవ్వేశారు కానీ ఈ ప్రశ్నలు పెద్దవాళ్ళకే ఎక్కువ అవసరం. 'వైమానిక శాస్త్రం' అని ఒక పుస్తకం ఉంది, భరద్వాజ మహర్షి రాశాడంటారు. అందులో బొమ్మలు కూడా ఉన్నాయి. 1974లో బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో అయిదుగురు శాస్త్రవేత్తలు ఆ పుస్తకాన్ని కొట్టిపారెయ్యకుండా నిజాయితీగా పరిశీలించారు. పుస్తకం ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పుట్టిందని, అందులో చెప్పిన విమానాలు ఎగరవని, రాసినవాళ్ళకి విమానం ఎలా ఎగురుతుందో తెలియదని తేల్చారు. అదే పని నేను బల్ల మీద చిన్న స్థాయిలో చేస్తుంటాను. మోడల్ చేసేవాడికి 'ఒకానొక కాలంలో, ఒకానొక విమానం' పనికిరాదు. ఏ సంవత్సరం, ఏ కంపెనీ, ఏ నంబరు, ఏ తలుపు అన్నది చెప్పాలి.

పురాణాన్ని కావ్యంగా చదువుకోవడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. కానీ ఆ గర్వం నిజమైన చరిత్ర కూర్చోవలసిన చోట కూర్చుంటోంది. 2018లో మన వైమానిక దళానికి ఒక పాత డకోటాని బ్రిటన్‌లో బాగుచేయించి బహుమతిగా ఇచ్చారు. సంతోషించాల్సిన విషయమే. దానికి వేసిన వి.పి.905 నంబరు 1947 అక్టోబర్ 27న శ్రీనగర్‌కి సైన్యాన్ని చేరవేసిన సంఘటనకి గుర్తు. పెట్టిన పేరు మాత్రం పరశురాముడిది! ఆ రోజు సైనికుల్ని మోసిన వాటిలో పౌర కంపెనీల డకోటాలు కూడా ఉన్నాయి. వాటి కోసం అడిగేవాళ్ళు లేరు.

ఉత్తరాలు మోసిన డకోటాల గురించీ అంతే. 1949లో మన దేశంలో రాత్రి విమాన తపాలా మొదలైంది. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు నాలుగు ఊళ్ళ నుంచీ రాత్రి విమానాలు బయలుదేరి నాగపూర్‌లో కలుసుకునేవి. సంచులు మార్చుకుని తెల్లారేసరికి ఎవరి ఊరు వాళ్ళు చేరేవారు. మ్యాపు మీద కలకత్తా నుంచి నాగపూర్‌కి స్కేలు పెట్టి గీత గీస్తే అది మా బిలాస్‌పూర్‌కి కొద్దిగా దక్షిణంగా పోతుంది. ఈ ఊరికీ ఒక విమాన చరిత్ర ఉంది. చక్కర్‌భాటా దగ్గరి రన్‌వే రెండో ప్రపంచ యుద్ధం నాటిది. దశాబ్దాల తర్వాత, 2021 మార్చి 1న అక్కడి నుంచి ప్రయాణికుల సర్వీసు మొదలైంది. డకోటా లాగే అదీ యుద్ధం నుంచి జనంలోకి వచ్చింది.

అందుకే చదివేవారికి ఒక మనవి. మీ ఇంట్లో తాతల కాలం ట్రంకు పెట్టె ఉంటే ఓసారి తెరవండి. బేగంపేటలో దిగినప్పటి ఫొటో, పాత విమానం టిక్కెట్టు, తపాలా ముద్ర ఉన్న కవరు దొరికితే పారెయ్యకండి. వెనకాల తేదీ, ఊరు, అందులో ఉన్నవాళ్ళ పేర్లు పెన్సిలుతో రాసి పెట్టండి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఇవాళే అడగండి, రేపు అడుగుదాం అనుకోవద్దు. నా బల్ల మీద ప్రస్తుతం ఒక డకోటా సగంలో ఉంది. పెద్ద తలుపు అలాగే ఉంచాను, ఎందుకంటే అది నిజం.