ఒక తీగకు రెండు డిస్కులు

పోలవరం ప్రాజెక్టు కోసం ముందుగా ఖాళీ అయినవి డ్యాం పక్కనున్న ఊళ్లే: పైడిపాక, రామయ్యపేట, దేవరగొంది, మామిడిగొంది. అలాంటి ఊళ్లలో తీసిన పెళ్లి వీడియోలు, జాతర ఫొటోలు ఏ స్టూడియో మూలనో పాత కంప్యూటర్ హార్డ్ డిస్కులో ఇంకా ఉండి ఉంటే, వాటి విలువ కట్టలేం. అప్పట్లో డిస్కు నిండితే చిన్న స్టూడియోవాళ్లు కొత్త కంప్యూటర్ కొనేవాళ్లు కాదు. కేబినెట్ విప్పి, పక్కన ఇంకో డిస్కు బిగించేవాళ్లు. ఆ వెసులుబాటు వెనుక ముప్ఫై ఏళ్ల కథ ఉంది.

తొలి హార్డ్ డిస్కు 1956లో ఐబీఎం రామాక్ కంప్యూటర్‌తో వచ్చింది. 24 అంగుళాల పళ్లేలు 50, బరువు దాదాపు టన్ను. పట్టింది మాత్రం 50 లక్షల అక్షరాలే. 1980లో సీగేట్ సుమారు అంతే సమాచారాన్ని అయిదుంపావు అంగుళాల డిస్కులో ఇమిడ్చింది. 1986 నాటికి కాంపాక్, వెస్టర్న్ డిజిటల్, కంట్రోల్ డేటా సంస్థల కృషితో డిస్కును నడిపే కంట్రోలర్ డిస్కు మీదికే చేరింది. దాన్నే ఐడీఈ అన్నారు.

అక్కడే చిక్కు మొదలైంది. ఒకే రిబ్బన్ కేబుల్‌కు రెండు డిస్కులు తగిలిస్తే ఏ ఆజ్ఞ ఎవరిది? అందుకే వెనక పిన్నుల మధ్య చిన్న జంపర్ పెట్టి ఒకదాన్ని మాస్టర్, రెండోదాన్ని స్లేవ్ చేశారు. రెండూ మాస్టర్లయితే ఒక్కోసారి ఏదీ కనిపించదు.

ఇంతకన్నా ఏడిపించింది డ్రైవ్ అక్షరాల గొడవ. విండోస్ 98 మొదట అన్ని డిస్కుల ప్రైమరీ పార్టిషన్లకు అక్షరాలిచ్చి, ఆ తర్వాతే మిగతావాటి దగ్గరికొచ్చేది. కొత్త డిస్కు వచ్చి ‘డి’ లాక్కుంటే, పాత ‘డి’ కాస్తా ‘ఇ’ అయ్యేది. వీడియో మిక్సింగ్ ప్రాజెక్టు తన క్లిప్పుల్ని పాత చోటే వెతుక్కుని, లేవనేది. తెలిసినవాళ్లు రెండో డిస్కులో ప్రైమరీ పార్టిషన్ అసలు చేసేవాళ్లే కాదు, అంతా ఎక్స్‌టెండెడ్‌లోనే పెట్టేవాళ్లు. ఏ తరగతిలోనూ చెప్పని ఈ పనితనాన్ని నేను మనసారా గౌరవిస్తాను.

తర్వాత 137 జీబీ గోడ అడ్డొచ్చింది. చిరునామాకు 28 బిట్లే ఉండటంతో పాత బోర్డులు అంతకు మించి లెక్కపెట్టలేకపోయాయి. దాన్ని 48 బిట్ల పద్ధతి దాటించింది. 2003 నుంచి సాటా అనే కొత్త పద్ధతి వచ్చి, డిస్కుకో కేబుల్ ఇచ్చి, మాస్టర్ తగాదా తీర్చేసింది.

పాత ఐడీఈ డిస్కును ఇప్పుడు యూఎస్‌బీ అడాప్టర్‌తో చదవొచ్చు. డిస్కుకు కరెంటు విడిగా ఇవ్వాలి. స్లేవ్‌గా ఉన్నదైతే జంపర్ మార్చాలి. వెస్టర్న్ డిజిటల్ డిస్కుల్లో చాలావాటికి ఒంటరిగా ఉన్నప్పుడు మాస్టర్ కాకుండా వేరే అమరిక ఉంటుంది. ఆ అమరిక బొమ్మ డిస్కు మీది లేబుల్‌పైనే ఉంటుంది, చూసి పెట్టండి.