ఢాకా టైప్‌రైటర్ చెప్పే చరిత్ర

రాజ్యాంగంలో స్థానం దక్కినంత మాత్రాన ఏ భాషా కచేరీ బల్ల మీదికి వచ్చి కూర్చోదు. 1952 ఫిబ్రవరి 21న ఢాకాలో మాతృభాష కోసం వీధికెక్కిన విద్యార్థులు పోలీసు కాల్పులకు బలయ్యారు. నాలుగేళ్లకు, 1956 నాటి పాకిస్తాన్ రాజ్యాంగం ఉర్దూతో పాటు బెంగాలీని కూడా రాజ్యభాషగా అంగీకరించింది. అంత మూల్యం చెల్లించి సాధించుకున్న భాషలో ఒక ఉత్తర్వు వెలువడాలన్నా, దాన్ని టైపు కొట్టగల యంత్రం ఉండాలి.

టైప్‌రైటర్ ఇరవై ఆరు అక్షరాల ఇంగ్లీషు కోసం పుట్టిన యంత్రం. దాని మీటలు యాభైకి లోపే. ఒక్కో మీటకు రెండేసి రూపాలు. బెంగాలీలో అచ్చులు, హల్లులు, గుణింతపు గుర్తులు పోగా సంయుక్తాక్షరాలే వందకు మించి ఉన్నాయి. పైగా తెలుగులో గుడి హల్లు నెత్తిన నిలిస్తే, బెంగాలీలో ఇకార చిహ్నం హల్లుకు ఎడమ పక్కన నిలుస్తుంది. పలుకులో వెనుక వచ్చే ధ్వనిని టైపిస్టు ముందే కొట్టాలి. ఏ అక్షరం ఏ వేలి కిందికి రావాలి, ఏ జంటను అర్ధరూపాలతో కూర్చాలి, దేనికి సొంత మీట ఇవ్వాలి అన్నవి చూడటానికి యంత్రశాలకు సంబంధించిన ప్రశ్నలు. వాటికి జవాబు దొరకనిదే రాజ్యభాష కాగితం మీది మాటగానే మిగులుతుంది.

ఆ జవాబు వెతికినవాడు మునీర్ చౌధురి. ఢాకా విశ్వవిద్యాలయ అధ్యాపకుడు, నాటకకర్త. 1952 కాల్పులను నిరసించినందుకు జైలు పాలయ్యాడు. 1953లో ఆ జైలులోనే ‘కబర్’ నాటకం రాశాడు. తరువాత హార్వర్డ్‌లో భాషాశాస్త్రం చదివాడు. 1965లో తూర్పు జర్మనీ ఆప్టిమా యంత్రానికి ఆయన బెంగాలీ మీటల అమరికను కొత్తగా రూపొందించాడు. అదే ‘మునీర్ ఆప్టిమా’. యంత్రం కోసం భాషను కుదించకుండా, భాషకు తగినట్టు యంత్రాన్ని సవరించే ప్రయత్నమది. 1971 డిసెంబర్ 14న, పాక్ సైన్యం లొంగిపోవడానికి రెండు రోజుల ముందు, సైన్యానికి తోడుగా నిలిచిన అల్-బదర్ ముఠా ఆయనను ఎత్తుకుపోయింది. ఆయన తిరిగి రాలేదు. ఆయన కూర్చిన మీటలు మాత్రం స్వతంత్ర బంగ్లాదేశ్ కార్యాలయాల్లో పనిచేశాయి.

1987లో ప్రభుత్వ కార్యాలయాలన్నీ బెంగాలీలోనే వ్యవహారం నడపాలని అక్కడ చట్టం వచ్చింది. మరుసటి ఏడు విజయ దినోత్సవం నాడు ముస్తఫా జబ్బార్ ‘బిజొయ్’ అనే కంప్యూటర్ కీబోర్డును విడుదల చేశాడు. అది డబ్బు పెట్టి కొనవలసిన సరుకు. 2003లో మెహదీ హసన్ ఖాన్ అనే వైద్య విద్యార్థి ‘అభ్రొ’ను ఉచితంగా అందించాడు. ఇంగ్లీషు అక్షరాలతో ఉచ్చారణ ప్రకారం కొడితే తెర మీద బెంగాలీ పడుతుంది. 2010లో బిజొయ్ హక్కుదారు అభ్యంతరం లేవదీయగా, తనలో ఉన్న బిజొయ్ తరహా అమరికను అభ్రొ తొలగించుకోవలసి వచ్చింది.

అసలు మలుపు 2023 జనవరిలో వచ్చింది. ఆండ్రాయిడ్ ఫోన్లన్నింటిలో బిజొయ్‌ను ముందుగానే ఎక్కించి అమ్మాలని టెలికాం నియంత్రణ సంస్థ ఆదేశించింది. ఆనాడు ఆ శాఖ మంత్రి జబ్బారే. విమర్శలు వెల్లువెత్తడంలో వింత లేదు. 1987 చట్టం పాలకుల చేతిని కట్టడి చేసింది; 2023 ఆదేశం పౌరుడి ఫోనులోకి చొరబడింది. రెండూ భాష పేరిట జరిగినవే. అయితే మొదటిది ప్రజల భాషకు రాజ్యాన్ని బద్ధం చేయగా, రెండవది రాజ్యం ఎంచిన సరుకుకు ప్రజలను బద్ధం చేయబోయింది.

2025లో అభ్రొ బృందానికి ఏకుశే పదక్ లభించింది. ఫిబ్రవరి 21 అమరుల స్మృతిగా ఆ దేశం ఇచ్చే గౌరవమది. ఉచితంగా పంచిన ఒక కీబోర్డు ఆ వరుసలో చేరడం సబబే. భాషను అధికార పీఠం మీద కూర్చోబెట్టేది చట్టమే కావచ్చు; దాన్ని నిత్యం నిలబెట్టేవి మాత్రం తమకు అనువైన మీటను తామే ఎంచుకునే వేళ్లు.