కారే కాలువని కొన్న సర్కారు

సెకండ్ హ్యాండు సరుకు కొనేటప్పుడు అందరూ వేసుకునే లెక్క ఒకటే. కొనడానికి ఎంత, బాగుచేయించడానికి ఇంకెంత, అంతా అయ్యాక అది పనికొస్తుందా అని. నీళ్ళలో నాని పాడైన పడవని ఎవరైనా అమ్మజూపినా ఇదే లెక్క. రాయలసీమలో పడవ కొనేవాడెవడయ్యా అంటారా? పడవ కాదు, పడవలు తిరిగే కాలువనే కొన్నారు ఇక్కడ. సుంకేసుల నుంచి కడప దాకా సుమారు 190 మైళ్ళ కాలువ. అమ్మింది మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ, కొన్నది బ్రిటిషు ప్రభుత్వం, 1882లో. మనం కేసీ కెనాల్ అంటామే, అదే. (2005లో కడప ఇంగ్లీషు స్పెల్లింగు మారింది గానీ కేసీలో 'సీ' మాత్రం అలాగే వుండిపోయింది!)

అసలు కథ ధవళేశ్వరంలో మొదలైంది. 1852 నాటికి గోదావరి ఆనకట్ట పూర్తయింది, డెల్టా పండింది, కాలువల్లో పడవలు తిరిగాయి. దాంతో కాటన్ దొరకి దేశమంతా కాలువలతో కలిపెయ్యొచ్చు, సరుకు రవాణాకి రైలు కన్నా పడవ చవక అని గట్టి నమ్మకం కుదిరింది. తుంగభద్ర నీళ్ళని పెన్నా మీదుగా నెల్లూరు దాకా తీసుకెళ్ళాలని, పైన ఎక్కడో పెద్ద నిల్వ కట్టాలని ఆయన ఊహ. 1858లో లండన్‌లో కంపెనీ పుట్టింది. పది లక్షల పౌన్ల పెట్టుబడి మీద ఏడాదికి 5 శాతం వడ్డీకి ప్రభుత్వం హామీ. అంటే లాభం వస్తే వాటాదారులది, రాకపోతే జనం పన్నుల్లోంచి ఏడాదికి 50 వేల పౌన్లన్నమాట. ఇలాంటి కాంట్రాక్టు దొరికితే నేనూ ఉద్యోగం మానేసి కాలువ తవ్వేవాణ్ణి :)

పది లక్షలూ సగం దారిలోనే కరిగిపోయాయి. 1866లో ప్రభుత్వమే ఇంకో 6 లక్షల పౌన్లు అప్పిచ్చింది. 1871కి కాలువ కడప చేరింది. కట్టిన పని మాత్రం తక్కువదేమీ కాదు. సుంకేసుల దగ్గర తుంగభద్రకి ఆనకట్ట, కర్నూల్లో హంద్రీ నది మీదుగా కాలువని దాటించిన అక్విడక్టు, మిట్టకందాల దగ్గర గట్టుని కోసి కృష్ణా పరీవాహకం నీళ్ళని పెన్నా వైపు దింపిన తీరు, ఆ కింద కుందూ మీద సంతజూటూరు, రాజోలి, పెన్నా మీద ఆదినిమ్మాయపల్లె. ఇప్పుడు నదుల అనుసంధానం అంటూ కొత్తగా చెప్పుకునే పని అప్పుడే జరిగిపోయింది.

మరి పడవలు? నెల్లూరు దాకా పోకుండా కడపలో ఆగిపోయిన కాలువకి సముద్రం లేదు, రేవు లేదు. పైగా అదే 1871లో మద్రాసు నుంచి కడప మీదుగా పోయే రైలు మార్గం రాయచూరులో బొంబాయి లైనుతో కలిసింది. రైలు పక్కనే కూత పెడుతుంటే కర్నూలు నుంచి కడపకి పడవెక్కి పోయే వర్తకుడెవరు? లాకులు కట్టిన డబ్బు లాకుల్లోనే మిగిలింది.

సేద్యం సంగతి ఇంకా తమాషా. నంద్యాల చుట్టూ నల్లరేగడి. వానపదును పట్టుకుని జొన్న పండించే నేల అది. దానికి తరి నీళ్ళెందుకు, నీటి తీరువా ఎందుకు అని రైతులు కాలువ వైపు చూడలేదు. రైతులకి తెలివి లేదని విసుక్కున్న దొరలు చాలామందే. నాకైతే రైతుల లెక్కే సరైనదనిపిస్తుంది. నదిలో వరద వున్నన్నాళ్ళే కాలువలో నీళ్ళు, పైన నిల్వ లేదు. ఎండాకాలం గ్యారంటీ లేని నీళ్ళని నమ్ముకుని మెట్టని మాగాణి చేస్తే మునిగేది ఎవరు? 1876లో ధాత కరువు వచ్చినప్పుడు మాత్రం అదే రైతులు కాలువకి పరిగెత్తారు. వానలు రాగానే మళ్ళీ జొన్నకి పోయారు.

ఇప్పుడు 1882కి వద్దాం. కంపెనీ మునిగింది, అప్పు తీరే దారి లేదు. మీరైతే కొంటారా? చాలామంది 'పోయిందేదో పోయింది, ఇంకా డబ్బు పొయ్యడం దేనికి' అంటారు. నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో, ఎవరో రాసి వదిలేసిన పాత కోడ్ మీద సరిగ్గా ఇదే వాదన నెలరోజులు నడిచింది. కానీ ఇక్కడ ఒక మెలిక వుంది. కొనకపోయినా ఖర్చు ఆగదు. హామీ వడ్డీ ఏటా కట్టాల్సిందే. ఇరవై ఏళ్ళు కడితే పది లక్షల పౌన్లు, అంటే మొత్తం పెట్టుబడికి సమానం, కాలువ మాత్రం మనది కాదు. అందుకని కొనడం తప్పు కాదు. తప్పంతా కొన్నాక జరిగింది. గండ్లు పూడ్చారు, తీరువా వసూలు చేశారు గానీ అసలు రోగమైన నిల్వ జోలికి పోలేదు. హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యాం 1953లో గానీ రాలేదు. మధ్యలో 70 ఏళ్ళు, ఎన్ని కరువులో!

అయినా ఆ కొనుగోలు మనకి ఒక మేలు చేసింది, కొన్నవాళ్ళు కల్లో కూడా అనుకోనిది. కృష్ణా జలాలు పంచిన బచావత్ ట్రిబ్యునల్ 1960 నాటికే వాడకంలో వున్న నీళ్ళకి రక్షణ ఇచ్చింది. ఆ లెక్కలో కేసీ కెనాల్‌కి 39.9 టీఎంసీలు దక్కాయి. 1882లో ఆ కాలువని పూడ్చేసి వుంటే ఇవాళ రెండున్నర లక్షల ఎకరాల పైచిలుకు ఆయకట్టుకి ఈ హక్కే వుండేది కాదు. వరద నీళ్ళ కోసం, మిగులు నీళ్ళ కోసం దరఖాస్తు పెట్టుకుని కూర్చునేవాళ్ళం.

కాగితం మీద హక్కు వేరు, చివరి ఆయకట్టుకి నీళ్ళు చేరడం వేరు అనుకోండి. కడప వైపు రైతుని అడిగితే నాకన్నా బాగా చెప్తాడు. 1996లో జపాన్ అప్పుతో ఆధునికీకరణ మొదలైంది. పాత ఆనకట్ట దగ్గరే బ్యారేజీ వచ్చింది, నిల్వ 1.2 టీఎంసీలు. 2009 అక్టోబరు వరదల్లో కర్నూలు మునిగినప్పుడు ఆ బ్యారేజీ కట్టకీ గండిపడింది, మళ్ళీ కట్టారు.

పడవలంటారా, 1933తో కాలువలో వాటి రాకపోకలు ఆగిపోయాయి.